రైలును ఆపిన బొటనవేలు

కేబినమ్మ తండ్రి సిగ్నల్ దీపాలవాడు. స్తంభాలకు ఇంకా కరెంటు రాని రోజుల్లో ప్రతి సాయంత్రం నిచ్చెన భుజాన వేసుకొని, నాలుగు మైళ్ల పొడవునా ఉన్న పదకొండు స్తంభాలూ ఎక్కి, ఒక్కొక్క దీపానికి నూనె పోసి, వత్తి కత్తిరించి, అద్దం తుడిచి దిగేవాడు. వాన పడుతున్నదని గాని, ఒళ్లు వెచ్చబడిందని గాని ఆయన ఒక్క స్తంభాన్నయినా విడిచిపెట్టి ఎరుగడు. ఒక ఏడు వరదకు రైలుకట్ట కోసుకొనిపోతే, ఛాతీలోతు నీళ్లలో ఎర్రదీపాన్ని నెత్తిన పెట్టుకొని ఎదురు నడిచి బండిని ఆపాడు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. నెల తరువాత ఆ బండి డ్రైవరు వెతుక్కుంటూ వచ్చి చేతులు పట్టుకొంటేనే అందరికీ తెలిసింది. తల్లి ఆ దీపాల అద్దాలను బూడిదతో తోమి, ఎండలో ఆరబెట్టి, అంచులు పట్టుకొని మాత్రమే అందించేది. అద్దం మీద వేలిముద్ర పడితే రంగు అబద్ధమాడుతుందని ఆవిడ నమ్మకం.

ఇక అత్తగారు. కోడలు ఉద్యోగానికి పోతే వీధి ఏమంటుందని అడిగిన వాళ్లకు, "వీధిలోవాళ్లు ఎక్కే రైళ్లకు దారి ఇచ్చేది నా కోడలే, వాళ్లను మర్యాదగా ఉండమనండి" అని జవాబు చెప్పిన మనిషి. ఇద్దరు పిల్లలను తన ఒళ్లో పెంచి, కోడలిని ముప్ఫై ఒక్క ఏళ్లు, రైళ్లకు సిగ్నళ్లిచ్చే కంట్రోల్ ఆఫీసుకు, పాతవాళ్లు కేబిన్ అనే చోటికి, పంపింది. ఆ ఆఫీసులో తెర ముందు కూర్చున్న మొదటి ఆడమనిషి కావడంచేత కోడలికి కేబినమ్మ అన్న పేరు స్థిరపడింది. అత్తగారు కన్నుమూసే ముందు కేబినమ్మను ఒక్కటే కోరింది: "నా చిన్నవాడి నోరు నీకు తెలుసు. నలుగురిలో వాణ్ణి చిన్నబుచ్చకమ్మా." కేబినమ్మ ఆవిడ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది.

ఆ చిన్నవాడికి వీధి పెట్టిన పేరు హారన్. కేబినమ్మ మరిది. అదే ఆఫీసులో ఆమె పక్క కుర్చీలో పనిచేసి, ఆమె వెనుకనే పదవీ విరమణ చేశాడు. గొంతు పెద్దది, మాట ఇంకా పెద్దది. కంట్రోల్ ఆఫీసు ఎదుటి టీ కొట్టులో, గోడకు చేర్చి వేసిన పొడవాటి బల్ల ఆయన సింహాసనం.

ఆ సాయంత్రం ఆ బల్ల చివర కేబినమ్మ మనవరాలు కూర్చుని ఉంది, ఒళ్లో నోటుపుస్తకం, చేతిలో పెన్సిలు. మర్నాడు ఉదయం పదింటికి ఆ పిల్లకు పరీక్ష, నాయనమ్మ వదిలిన ఉద్యోగానికే. మూడునెలల క్రితం ఒకసారి తప్పింది. తప్పినది విషయం తెలియక కాదు. పరీక్షాధికారి కావాలనే ఒక తప్పుమాట చెప్పి, "అంతే కదా?" అని గుడ్లురిమితే, నిజం తెలిసి కూడా "అవునండీ" అన్నది. పెద్దవాళ్లను కాదనడం ఆ పిల్లకు చేతకాదు. ఏ మాటకు అలా తలూపిందో సిగ్గుచేత ఇంట్లో చెప్పనైనా లేదు. రెండోసారి తప్పితే మూడో అవకాశం లేదు. డ్రైవర్లు కసిరినా, పై అధికారులు గద్దించినా "కాదు, దారి ఇవ్వను" అని అనగలిగినవాళ్లకే ఆ కుర్చీ. ఆ ఒక్క ముక్క నేర్పడం కేబినమ్మకు చేతకాలేదు, ఎన్ని పాఠాలు చెప్పినా. ఆమె ఏది చెప్పినా ఆ పిల్ల తలూపేది మరి.

"రేపు పరీక్ష అంటే ఈ రోజు చదవకూడదు, వినాలి," అని హారన్ పిలుచుకొని వచ్చాడు. వెనకే కేబినమ్మ కూడా వచ్చి, చేతిసంచి ఒళ్లో పెట్టుకొని, వెన్ను వంచకుండా కూర్చుంది. ఆయన ఆ రోజు చెప్పబోయే కథ ఇరవై రెండేళ్లనాటిది. ముక్కలు ముక్కలుగా వీధంతా విన్నదే గాని, మొదటినుంచి చివరిదాకా కేబినమ్మ ఎన్నడూ కూర్చుని వినలేదు. వినవలసిన అవసరం ఆమెకు లేకపోయింది. ఆ రోజు ఏమి జరిగిందో ఆమెకు తెలుసు.

"ఏముందమ్మా, చిన్న విషయం," అని మొదలుపెట్టాడు హారన్, టీ గ్లాసు పక్కన పెట్టి. "ఒక రైలును ఆపాను. అంతే. ఎవరైనా ఆపుతారు."

"మొన్న రెండు రైళ్లన్నారు," అన్నది టీ కొట్టు ఆవిడ, పాలగిన్నె దించుతూ.

"ఆ రెండోది వేరే కథ, దానికి వేరే టీ. నువ్వు విను, పాపా, రాసుకో. మధ్యాహ్నం మూడు గంటల ఏడు నిమిషాలు. నేను తెర ముందు కూర్చున్నాను. తెర అంటే ఏమిటనుకున్నారు మీరంతా? సినిమా కాదు. పట్టాలన్నీ గీతలు, బండి ఉన్న చోట గీత ఎర్రగా వెలుగుతుంది, ఎర్ర పాము పాక్కుంటూ వచ్చినట్టు. సిగ్నల్ అంటే పక్కన ఇంత చుక్క, ఆవగింజంత. ఆ ఆవగింజను చూసి రెండువేలమంది ప్రాణాలు కాపాడాలి. సరే, చూస్తున్నాను. రెప్ప వెయ్యలేదు. పొద్దుటినుంచీ రెప్ప వెయ్యలేదు. చూస్తే, ఆ చుక్క పసుపుగా ఉంది."

కేబినమ్మ చేతిలోని గ్లాసు పెదవి దగ్గరదాకా వచ్చి ఆగిపోయింది.

"పసుపు అంటే ఏమిటి? ముందున్న సిగ్నల్ ఎర్రగా ఉంది, నిమ్మళంగా రా నాయనా అని డ్రైవరుకు చెప్పడం. అంతే కదా, డ్రైవర్ గారూ?"

"అంతే," అన్నాడు ఎదుటి స్టూలు మీది ముసలి డ్రైవరు. నలభై ఏళ్లు ఇంజను నడిపిన మనిషి, రస్కు టీలో ముంచి, అది విరిగి పడకముందే నోట్లో వేసుకోవడంలో నిమగ్నుడై ఉన్నాడు.

"కానీ ఆ పసుపు మామూలు పసుపు కాదు. అదో రకంగా ఉంది. నన్ను చూసి ఏదో చెప్పబోయి మింగేసినట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

కేబినమ్మకు తెలుసు. ఆ రోజు పక్క కుర్చీ దగ్గర టెలిఫోను మోగింది. మోగి మోగి ఆగి మళ్లీ మోగింది. ఆమె తల తిప్పి చూస్తే కుర్చీ ఖాళీ. ఒంగి అందుకొంటే అవతల గేటు కాపలాదారు గొంతు పూడుకుపోయి అరుస్తున్నాడు: పట్టాల మీద లారీ ఇరుసు విరిగి అడ్డంగా నిలిచిపోయింది, బండి వచ్చేస్తున్నది. ఆమె చెయ్యి చాచి మరిది బల్ల మీదనుంచే ఆ సిగ్నల్‌ను ఎర్రకు తిప్పింది. బండి లారీకి ఎనభై అడుగుల ఇవతల ఆగింది. ఆ తరువాతనే హారన్ కడుపు పట్టుకొని, చెమటలు కక్కుతూ వచ్చాడు. "వదినా, కడుపులో మెలిపెట్టేసింది, లోపలి గదిలో పడిపోయాను, చెప్పే వ్యవధి లేకపోయింది," అన్నాడు. ఆమె నమ్మింది. కుర్చీ విడిచినందుకు ఉద్యోగం పోవలసినవాడు, ఆమె వ్రాసిన ఒక్క వాక్యం వల్ల నిలిచాడు: కడుపునొప్పి చేత లేచెను, ఆ కుర్చీ బాధ్యత నేను చూచితిని. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆమె రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. ఆ వాక్యం కూడా కొట్టివేత లేకుండానే వ్రాసింది.

కాని ఇప్పుడు ఆయన నోట వచ్చిన ఆ రంగు పేరు, లోపలి గదిలో పడి ఉన్న మనిషి నోట రాకూడనిది. కుర్చీలో ఉన్న మనిషి నోటా రాకూడనిది. ఆమె గ్లాసును బల్ల మీద పెట్టింది. పెట్టేటప్పుడు చిన్న చప్పుడైంది.

"చూస్తూ ఉండగానే ఒక పసుపు రెండు పసుపులైంది! రెండు మూడైంది!"

డ్రైవరు చేతిలోని రస్కు విరిగి టీలో పడింది. "మూడు పసుపులా? నా సర్వీసంతా రెండుకు మించి చూడలేదే!"

"మీకు కనపడవండి. మూడోది మాకు మాత్రమే. మీకు చూపిస్తే బెదిరిపోయి బండి దిగి పారిపోతారని పైవాళ్లు దాచారు. సరే, మూడు పసుపులు. తెర వేడెక్కింది. ఎంత వేడి? పక్కన పెట్టిన టీ మళ్లీ కాగింది. తెర లోంచి కూత వినపడింది, కూ అని! గాలి కొట్టింది, నా టోపీ లేచిపోయి ఫ్యాను రెక్కకు తగులుకుని మూడు రోజులు తిరిగింది. అడగండి, మా వదిన ఇక్కడే ఉంది. వదినా, తిరిగిందా లేదా?"

అందరూ ఆమెవైపు తిరిగారు. మనవరాలు కూడా తల ఎత్తి చూసింది. ఆ చూపులో ఒక ప్రశ్న ఉంది. టోపీ గురించి కాదు.

నలుగురిలో చిన్నబుచ్చకమ్మా. కేబినమ్మ గొంతులోకి వచ్చిన మాటను వచ్చిన దారినే పంపించింది. "టోపీని నేను చూడలేదు, మరిదిగారూ," అన్నది. ఆమె కూడగట్టుకోగలిగింది అంతే.

"చూసే స్థితిలో లేదు పాపం, భయపడింది. నేను భయపడ్డానా? ఆలోచించాను. మీట నొక్కి, అది తీగలో పరుగెత్తి, స్తంభం దగ్గరికి వెళ్లి, దీపం మారి, డ్రైవరు చూసి, బ్రేకు వేసి, ఇదంతా అయ్యేసరికి పట్టాల మీది లారీ పచ్చడే. అందుకని ఏం చేశాను?" కుడిచేతి బొటనవేలు ఎత్తి అందరికీ వరసగా చూపించాడు. "ఇదిగో. దీన్ని తీసుకెళ్లి తెర మీద, ఆ ఎర్రగీత మొదలు మీద, ఇలా అదిమి పెట్టాను!"

"రైలు మీదే?" అన్నది టీ కొట్టు ఆవిడ, గరిటె గాలిలోనే ఉంచి.

"రైలు మీదే! గీత నా వేలికింద నరంలాగా కొట్టుకుంటోంది. ముందుకు పోతానంటుంది, నేను పోనివ్వను. కుర్చీ వెనక్కి జారుతోంది, కాళ్లు బల్లకు తన్నిపెట్టాను, బల్ల గోడకు తన్నిపెట్టింది, గోడ పక్కింటికి తన్నిపెట్టింది. ఇప్పటికీ ఆ ఇల్లు కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది, చూడండి."

తాళాలు బాగుచేసే ఆయన, అంతవరకూ ఒక పాత తాళంలోకి సూది పెట్టి తిప్పుతున్నవాడు, తల అడ్డంగా ఊపాడు. "వేలిముద్రతో తెరుచుకునే తాళాలు చూశాను గానీ బాబూ, వేలిముద్రతో ఆగే రైలును ఇప్పుడే వింటున్నాను."

"ఆగడమేమిటి? వెనక్కి నడిచింది! అదిమిన ఊపు అలాంటిది. ఒక స్టేషను వెనక్కి, రెండు స్టేషన్లు వెనక్కి, బయల్దేరిన చోటుకు వెళ్లిపోయింది. దిగినవాళ్లు దిగినట్టే వెనక్కి నడిచి, టిక్కెట్ల క్యూలో ఎవరి వెనకాల ఎవరు నిలబడ్డారో అదే వరసలో మళ్లీ నిలబడ్డారు. ఒకాయన వెనక్కి వెనక్కి ఇంటిదాకా వెళ్లిపోయి మంచం మీద పడుకున్నాడు, వాళ్లావిడ మళ్లీ లేపింది. ఇంజను ముందు భాగం మీద నా వేలిముద్ర, ఇంత! తలుపంత! రంగు వేస్తే పోలేదు, గీకితే పోలేదు. చివరికి అదే కంపెనీ గుర్తని బోర్డు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలు తీశాను. తీస్తే, ఆ పసుపు నెమ్మదిగా, సిగ్గుపడ్డట్టు, ఎర్రబడింది. ఊళ్లో ఉన్న సిగ్నళ్లన్నీ ఎర్రబడ్డాయి. పైన సూర్యుడు కూడా, ఏమిటో మరి, నా మీద గౌరవంతో రెండు నిమిషాలు ఆగి, ఆకుపచ్చ వచ్చాక కదిలాడు. ఆ రోజు పొద్దు రెండు నిమిషాలు ఎక్కువ. పంచాంగం రాసేవాళ్లు వచ్చి నన్ను తిట్టారు!"

టీ కొట్టు ఆవిడ పగలబడి నవ్వింది. తాళాలాయన చేతిలోని సూదిని జారవిడిచాడు. హారన్ మనవరాలివైపు తిరిగి, ఉదారంగా చెయ్యి చాచాడు.

"రాసుకున్నావా, పాపా? రేపు వాళ్లడిగితే నా పేరు చెప్పు. ముందు పసుపు, తర్వాత రెండు పసుపులు. తెర మీద ఎలా కనిపిస్తాయో కళ్లకు కట్టినట్టు చెప్పాను. అంతే కదా?"

అంతే కదా. ఆ మాట వినగానే ఆ పిల్ల చేతిలో పెన్సిలు ఆగింది. కేబినమ్మ పిల్లవైపు తిరిగింది. మూడునెలల క్రితం ఈ పిల్లను ముంచింది ఈ రెండు మాటలే. ఇప్పుడు తలూపితే రేపు కూడా ఊపుతుంది. తాను అడ్డం వస్తే అత్తగారి చేతిలో వేసిన మాట పోతుంది. రాకపోతే పిల్ల పోతుంది. ఆమె సంచిపిడిని రెండు చేతులా పట్టుకొంది.

పిల్ల నోటుపుస్తకం మూసింది.

"కాదు, చిన్న తాతయ్యా."

గొంతు చిన్నదే. అయినా పొయ్యి మీది పాలచప్పుడుకు పైన వినపడింది.

"ఏం కాదు?"

"తెర మీద పసుపు రాదు." చెంపలు కందిపోయాయి గాని ఆపలేదు. "ఈ ఆఫీసు తెరల మీద చుక్క ఎర్రగా ఉంటుంది, లేకపోతే ఆకుపచ్చగా ఉంటుంది. ఎరుపంటే దారి మూసి ఉంది. ఆకుపచ్చంటే తెరిచి ఉంది. బయట స్తంభం మీద ఒక పసుపున్నా, రెండున్నా, నిజంగా ఆకుపచ్చే ఉన్నా, లోపల మనకు ఒకటే ఆకుపచ్చ చుక్క. ఎంత వేగంగా పోవాలన్నది డ్రైవరు చూసుకునే రంగు. మనకు దారి ఇచ్చామా లేదా అన్నదే చూపిస్తారు. పోయినసారి నన్ను అడిగింది ఇదే. 'పసుపు పసుపుగానే కనపడుతుంది, అంతే కదా' అన్నారు. అవునండీ అన్నాను."

డ్రైవరు టీలోంచి రస్కు ముక్కను తీయడం మానేశాడు. "నాకు తెలియదే! ఇన్నేళ్లూ నేను చూసే రంగే లోపల వాళ్లకూ కనపడుతుందనుకున్నాను."

"ఎప్పుడూ రాలేదా పసుపు? ఆ రోజుల్లో కూడా?" అన్నది టీ కొట్టు ఆవిడ.

"ఎప్పుడూ రాలేదు," అన్నది కేబినమ్మ. అడిగినదానికి నిజం చెప్పడం చిన్నబుచ్చడం కాదని ఆమె ఆ క్షణాన నిశ్చయించుకొన్నది.

హారన్ చాచిన చేతిని వెనక్కి తీసుకొని, బొటనవేలును పిడికిట్లో దాచాడు.

"కానీ మీరు అబద్ధం చెప్పలేదు, చిన్న తాతయ్యా," అన్నది పిల్ల, ఇంకా చిన్న గొంతుతో. "మీరు పసుపు చూశారు. అది ఎర్రబడడం కూడా చూశారు. పసుపు కనపడిందీ అంటే, మీరు తెర ముందు లేరు. స్తంభం కనపడే చోట ఉన్నారు."

ముందుగా తాళాలాయన తల తిప్పాడు. తరువాత డ్రైవరు, ఆ పైన టీ కొట్టు ఆవిడ. హారన్ కూర్చున్న బల్లకు ఎదురుగా, ఆఫీసు ప్రహరీ గోడకు పైన, అరమైలు దూరంలో సిగ్నల్ స్తంభం నిటారుగా నిలబడి ఉంది. దాని మీద ఆ నిమిషాన పసుపుదీపం వెలుగుతున్నది.

కేబినమ్మ ఒక్కతే అటు చూడలేదు. ఆమె బల్లను చూస్తున్నది. ఇక్కడ. లోపలి గదిలో కాదు. టెలిఫోను మోగి మోగి ఆగినప్పుడు, గేటు కాపలాదారు గొంతు పూడుకుపోయినప్పుడు, ఈ బల్ల మీద, టీ గ్లాసుతో. రెండువేలమంది అన్నది ఆయన కోసిన కోత కావచ్చు. బండిలో మూడువందలమంది ఉన్నారన్నది ఆమె స్వయంగా రాసిన అంకె. ఆ పక్కనే, అదే సిరాతో, కడుపునొప్పి.

"వదినా," అన్నాడు హారన్. ఆ గొంతులో హారన్ లేదు. "ఒక్క టీ అనుకున్నాను. దారి ఇచ్చేశాను కదా, బండి వెళ్లిపోతుంది కదా అనుకున్నాను. పసుపు చూస్తూ తాగుతున్నాను. బండి రాకముందే, కళ్లముందే ఎర్రబడింది. నా కుర్చీలో ఎవరూ లేరు, ఎర్రబడిందేమిటి అని… పరుగెత్తుకొచ్చాను. కడుపునొప్పి కాదు వదినా. భయం."

"మరి ఇన్నేళ్లూ ఈ కథ ఎందుకు చెబుతూ వచ్చారు, మరిదిగారూ?"

ఆయన తన బొటనవేలివైపు చూసుకొన్నాడు. "ప్రతిసారీ ఇంకొంచెం పెద్దది చేస్తే, నేను అక్కడే ఉన్నట్టు నాకే అనిపించేది."

టీ కొట్టు ఆవిడ పొయ్యి తగ్గించింది. డ్రైవరు లేచి తన స్టూలును హారన్ పక్కకు జరుపుకొని కూర్చున్నాడు. గోడ పైన పసుపు ఎప్పుడో ఎర్రబడింది. బండి వెళ్లిపోయినట్టుంది, ఎవరూ గమనించలేదు.

మర్నాడు మనవరాలు పరీక్షకు వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చింది. పరీక్షాధికారిని రెండుసార్లు కాదన్నానని చెప్పి, చెప్పాక భయపడి, నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకొంది. ఉద్యోగం వచ్చింది.

మనవరాలు ఆ కుర్చీలో కూర్చోబోయే రోజు ఉదయం కేబినమ్మ తన దగ్గర ఉన్నవి ఇచ్చివేసింది. తండ్రి దీపంలోని పసుపు అద్దం ఒకటి, అంచు కొద్దిగా చిట్లింది, వేలిముద్ర లేకుండా తుడిచి ఇచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చున్న కుర్చీమెత్త ఒకటి, దూది బయటికి వస్తున్నందున కొత్త గలీబు కుట్టి ఇచ్చింది. లేచే ముందు ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి మరీ లేవవలెనని నోటితో చెప్పింది. చివరికి తన చేతిపుస్తకం. అందులో ఆఖరి పేజీలో, కొట్టివేత లేని ఆమె చేతివ్రాతతో ఇలా ఉంది: ఇరువది రెండేండ్ల క్రితము, మధ్యాహ్నము మూడు గంటల ఏడు నిమిషములకు నా మరిది కుర్చీ ఖాళీగా ఉండెను. కడుపునొప్పి అని నేను వ్రాసినది తప్పు. అతడు టీ కొట్టు బల్ల మీద ఉండెను.

దాని కింద ఆమె సంతకం. పక్కన మరిదిగారి సంతకం లేదు, బొటనవేలి ముద్ర ఉంది. మామూలు పరిమాణంలోనే ఉంది.